పాకాలలో శనిగ్రహానికి అద్దె ఇల్లు

జ్ఞానాంబ టీచరు పుట్టింది చిత్తూరులో. వాళ్ళ నాయన కృష్ణమూర్తి కోర్టు ఎదురుగా టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఒక్క కామా తప్పుచోట పడినా కాగితం మొత్తం చింపించి మళ్ళీ మొదటినుంచి కొట్టించే మనిషి. కూతురికి ఆస్తి అంటూ ఏమీ ఇవ్వలేదు గాని ఆ గుణం మాత్రం తరుగు లేకుండా ఇచ్చాడు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి "మా ఊరు ఈడికి దగ్గరే" అంటే, తల వంచుకునే "దగ్గరంటే ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగిందని వాళ్ళ బంధువుల్లో చాలాకాలం చెప్పుకున్నారు. ఆ అబ్బాయి పేరు చక్రధర్, పాకాల రైల్వేస్టేషన్లో టికెట్లు ఇచ్చే గుమాస్తా. తడుముకోకుండా కిలోమీటర్లు చెప్పాడు. పెళ్ళయిపోయింది.

ఆమెకు పాకాలలోనే ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఎనిమిదో తరగతికి సౌరకుటుంబం పాఠం ఉండేది. అందులో ఒక బొమ్మ. ఎడమపక్క సూర్యుడు, ఆ పక్కన తొమ్మిది గ్రహాలు ఆంజనేయస్వామి మెడలో వడల మాదిరి ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. చాలా ఏళ్ళు ఆ బొమ్మనే బోర్డు మీద గీసి చూపించింది. 1998లో ఒకరోజు బొమ్మ అడుగున చీమంత అక్షరాల్లో ఉన్న మాట ఆమె కంట పడింది. 'ఈ పటం కొలత ప్రకారం గీసినది కాదు.'

జ్ఞానాంబకు ఆ పూట అన్నం సయించలేదు. ఇన్నేళ్ళుగా కొలత లేని బొమ్మనా నేను పిల్లల నెత్తిన పెట్టింది అనుకుంది. కూర్చుని లెక్క వేసింది. వెయ్యి కిలోమీటర్లను ఒక మిల్లీమీటరుకు కుదిస్తే సూర్యుడు ఎనిమిదో తరగతి పిల్లంత ఎత్తు వస్తాడు. భూమి చిన్న గోలీకాయంత. చంద్రుడు పెసరగింజంత, భూమికి రెండు జానల దూరంలో. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ గోలీకాయను సూర్యుడికి నూటయాభై మీటర్ల అవతల పెట్టాలి. చిట్టచివరి ప్లూటో ఆవగింజంతే, దాన్ని పెట్టడానికి ఆరు కిలోమీటర్లు నడవాలి. దీన్ని కాగితం మీద గీయాలంటే కాగితం పాకాల కంటే పొడుగు ఉండాలి. అలాంటప్పుడు కాగితం ఎందుకు, పాకాలే ఉందిగదా అనిపించింది.

హెడ్‌మిస్ట్రెస్ అభ్యంతరం చెప్పలేదు. స్కూలు గోడ మీద సూర్యుణ్ణి పసుపు రంగుతో వేయించారు. గ్రహాలు చేయించడానికి జ్ఞానాంబ తిరుపతి పోయింది. అక్కడ పెంచలయ్య అనే ఆయన కుంకుమ భరిణెలూ చెక్కబొమ్మలూ తరిమెన మీద తిప్పి చెక్కేవాడు.

"అన్నిటికంటే పెద్దది గురువు, పంపరపనసకాయంత. దాని తర్వాతది శని, కొబ్బరికాయంత. శని నడుముకు చుట్టూ తట్టలాగా ఒక వలయం రావాల" అని కొలతలు చెప్పింది.

పెంచలయ్య పని ఆపి చూశాడు. "శనికి ఎవురమ్మా కొలత తీసింది?"

"అమెరికావాళ్ళు పంపిన నౌక పోయి దగ్గరగా చూసింది."

"చూసి ఎనక్కొచ్చిందా?"

"లేదు. అట్లనే పోతానే ఉండాది."

పెంచలయ్య తల ఊపాడు, అంతే కావాల్సింది అన్నట్టు. పని ఒప్పుకున్నాడు గాని శనిని తీసుకోవడానికి మాత్రం శనివారం రావద్దన్నాడు.

బుధుడు మిరియపు గింజంత. అతన్ని స్కూలు ఆవరణలోనే నీళ్ళ కొళాయి దగ్గర చిన్న గాజుపెట్టెలో అమర్చారు. శుక్రుడు స్కూలు ప్రహరీ దాటాక గాజులంగడికి వచ్చాడు. అంగడామె ఆనందంగా తీసుకుంది, శుక్రమహర్దశ అంటే ఎవరికి చేదు? అంగారకుడు పోస్టాఫీసు ఎదుటి స్తంభానికి పడ్డాడు, స్తంభానికి జాతకం లేదు కాబట్టి గొడవ రాలేదు. గొడవ వచ్చింది భూమి దగ్గర. నూటయాభై మీటర్లకు సరిగ్గా ఢిల్లీబాబు టీ బంకు ఉంది. అతను మంచివాడు, గోలీకాయంత భూమినీ పెసరగింజంత చంద్రుణ్ణీ బంకు చూరుకు కట్టుకున్నాడు. సాయంత్రానికల్లా "టీచరమ్మ ఢిల్లీబాబుకు భూమి ఇచ్చిందంట" అనే మాట బస్టాండు దాటి పల్లెలకు పోయింది.

మర్నాడు పొద్దున జ్ఞానాంబ తలుపు తీసేసరికి వాకిట్లో మనుషులు. కొందరు రేషన్ కార్డులు తెచ్చుకున్నారు. ఒకాయన తనకు మెట్ట అయినా ఫర్వాలేదన్నాడు. ఆమె ఓపికగా వివరించింది. భూమి అంటే ఈ భూమి కాదు, మనమంతా ఉన్న భూమి అని. ఆయన అంతా విని, "మొత్తం భూమి ఆ టీ బంకోడికే రాసిచ్చినారా?" అని అడిగాడు. చివరికి అందరినీ ఢిల్లీబాబు దగ్గరికి తీసుకుపోయి గోలీకాయ చూపించాల్సి వచ్చింది. చాలామంది అది శాంపిలు అనుకుని వెళ్ళిపోయారు.

గురువు స్కూలుకు ముప్పాతిక కిలోమీటరు దూరంలో కుప్పుస్వామి కల్యాణ మండపంలోకి వచ్చాడు. కుప్పుస్వామి అంతకుముందు మామిడికాయల వ్యాపారం చేసి, ఆ మధ్యే మండపం కట్టించినవాడు. బేరాలు మందంగా ఉన్నాయి. జ్ఞానాంబ పంపరపనసకాయంత గురువును హాలు మధ్యన వేలాడదీసి, చుట్టూ తీగలకు నాలుగు పెద్ద చంద్రుల్ని కట్టింది. అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. గురువుకు అప్పటికి తెలిసిన చంద్రులు పదహారని, మిగతావి ఈ కొలతకు ఇసుక రేణువంత కూడా రావని చెప్పింది. కుప్పుస్వామి ఆ మాటలేవీ వినలేదు. పైకి చూస్తూ ఆలోచిస్తున్నాడు. వారం తిరక్కుండా మండపం ముందు బోర్డు లేచింది: 'నిత్య గురుబలం గల ఏకైక కల్యాణ మండపం'.

"అది చెక్కండీ" అంది జ్ఞానాంబ.

"చెక్కయితే ఏమ్మా, పేరు గురువే గదా" అన్నాడు కుప్పుస్వామి. ఆ ఏడాది అక్కడ ముహూర్తాలు దొరకడమే కష్టమైపోయింది. ఒక పెళ్ళిలో వియ్యంకుడి తలపాగా కాలిస్టోకు తగులుకుంటే, అది మంచి శకునమో కాదో తేల్చడానికి తాళి కట్టే వేళ దాకా తర్జనభర్జన పడ్డారు.

యురేనస్, నెప్ట్యూన్‌లతో ఏ ఇబ్బందీ రాలేదు. నిమ్మకాయలంత ఉండే ఆ రెంటి పేర్లూ ఎవరూ విని ఉండలేదు, కాబట్టి ఎవరూ భయపడలేదు, దణ్ణమూ పెట్టలేదు. ఒకటి మామిడితోట కాపలా గుడిసెకు, ఇంకొకటి ఇటుకల బట్టీకి వెళ్ళాయి. ప్లూటో దామలచెరువు పోయే దావలో ఒక పల్లెలో కుప్పమ్మ అనే ముసలామె ఇంటికి చేరింది. పెంచలయ్య అంత చిన్నది తరిమెన పట్టలేనన్నాడు, అందుకని నిజం ఆవగింజనే కుంకుమ భరిణెలో పెట్టి, పక్కన దాని చంద్రుడు షారన్ కింద రాగుల్లో నుంచి ఒక గింజను పెట్టి ఇచ్చింది. కుప్పమ్మ భరిణె తీసుకుని దేవుడి గూట్లో పెట్టుకుంది.

మిగిలింది శని.

శని సూర్యుడికి దాదాపు కిలోమీటరున్నర దూరంలో ఉండాలి. ఏ దిక్కునైనా ఫర్వాలేదు, దూరం తప్పకూడదు. జ్ఞానాంబ వలయంతో సహా శనిని చేతిసంచిలో పెట్టుకుని స్కూలు చుట్టూ ఆ దూరంలో ఉన్న ప్రతి వాకిలీ తొక్కింది. చెక్కగోళమని చెప్పినంతసేపూ జనం మర్యాదగా విన్నారు. ఏ గ్రహమని అడిగి, పేరు వినగానే తలుపు దగ్గరికి వేసుకున్నారు. "మా కోడలికి నెలలు నిండినాయి, ఇప్పుడొద్దమ్మా" అంది ఒకామె. ఒక ఇంట్లో ఆమె అడుగుపెట్టిన చోట పసుపునీళ్ళు చల్లడం వీధి మలుపులో నుంచి చూసింది. కొన్నాళ్ళకు ఆమె సంచితో వస్తుంటేనే మనుషులు పక్క సందులోకి తప్పుకోసాగారు. ఎప్పుడూ పాఠం వినకుండా కునుకు తీసే ఊరు, ఒక్క చెక్కముక్కకు ఇంత హడలిపోతుందా అని ఆమెకు కోపం, కొంచెం ఏడుపు కూడా వచ్చాయి.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మొగుడితో చెప్పింది. "మనం ఇల్లు మారాల."

"ఈ ఇంటికేమొచ్చింది?" అన్నాడు చక్రధర్.

"శనికి ఎవురూ ఇల్లు ఇయ్యడం లేదు. మనమే ఆ దూరంలో బాడుగకు దిగితే సరిపోతాది."

చక్రధర్ నోటిదాకా తెచ్చిన ముద్దను ఆపాడు. స్టేషన్లో పనిచేసేవాడు కాబట్టి అతనికి ఎవరు ఎంత దూరం పోవాలన్నా ఆశ్చర్యం ఉండదు. "ఈ సూర్యుడి తర్వాత ఇంకో నక్షత్రం ఉంటాది గదా. అది మన లెక్కలో యాడికొస్తాది?" అని అడిగాడు.

"నలభై వేల కిలోమీటర్లు. అంటే భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ పాకాలకే వచ్చినంత."

"అయితే దానికోసం ఇల్లు మారే పనుండదు" అని ఊరటపడి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఇల్లు దొరికింది. వరలక్ష్మమ్మ అనే వితంతువుది, ఊరి చివర, వెనక భాగం ఖాళీగా ఉంది. జ్ఞానాంబ దాచకుండా చెప్పింది, నాతో శని కూడా వస్తాడని. వరలక్ష్మమ్మ ఏమీ జంకలేదు. "నాకు ఏల్నాటి శని మొన్ననే మొదలయిందమ్మా. ఎట్లా నాతోనే ఉండాడు. కంటికి కనపడేటట్టు బయట వేలాడదీస్తే నాకూ ఒక తృప్తి" అంది. పెరట్లో సొరపాదు పందిరి కింద, సొరకాయల మధ్యన శనిని కట్టారు.

మొదటి శనివారం జ్ఞానాంబ స్నానం చేసి వచ్చేసరికి పందిరి కింద నువ్వులనూనె దీపం వెలుగుతోంది. రెండో శనివారం నల్లగుడ్డలో నువ్వుల మూట. ఆ నెల తిరిగేసరికి, ఆమె మొహాన తలుపులు వేసుకున్న వాళ్ళందరూ పెరటి గేటు దగ్గర వరస కట్టి ఉన్నారు. నెలలు నిండిన కోడలి అత్తగారు కూడా బిడ్డను ఎత్తుకుని వచ్చింది. తమ ఇంట్లో ఉండకూడదు గాని ఇంకొకరి ఇంట్లో ఉన్న శనికి దణ్ణం పెట్టుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

జ్ఞానాంబ అరిచింది. అది గాలి ముద్ద అని, హైడ్రోజనూ హీలియమూ తప్ప ఏమీ లేదని, ఆ వలయాలు మంచుగడ్డలూ రాళ్ళూ అని చెప్పింది. జనం చేతులు కట్టుకుని విన్నారు. ఆమె ఆగగానే "గోవిందా" అన్నారు. విసిగిపోయి గేటుకు తాళం వేయబోతుంటే చక్రధర్ అన్నాడు, "నీ క్లాసులో ఇంతమంది ఇంత గమ్మున ఎప్పుడన్నా విన్నారా?"

ఆమె తాళం చేతిలోనే ఉంచుకుని ఆ మాట గురించి ఆలోచించింది. తరవాతి శనివారం నుంచి ఒక నియమం పెట్టింది. దీపం పెట్టుకోవచ్చు, కానీ ముందు పాఠం వినాలి, అడిగితే చెప్పాలి. ఎవరూ ఎదురు చెప్పలేదు. అన్ని మొక్కులకూ నియమాలు ఉంటాయి, దీనికి ఇది కాబోలు అనుకున్నారు. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుందని చెబితే, వరలక్ష్మమ్మ వేళ్ళ మీద లెక్కబెట్టి, "పన్నెండు రాసులకు పంచితే రాశికి రెండున్నర. మూడు రాసులకు ఏడున్నర. సరిపోయింది. మీ పుస్తకం రాసినాయన తెలిసినోడే" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

శని నీటికంటే తేలిక, అంత పెద్ద తొట్టి దొరికితే అందులో తేలుతాడు అని ఒకసారి చెప్పింది. చూపించమన్నారు. చెక్కబంతి ఎలాగూ తేలుతుంది, అది రుజువు కాదని చెప్పింది. అయినా చూపించమన్నారు. గంగాళంలో నీళ్ళు పోసి వదిలింది. శని తేలాడు. ఆమె వెనక్కి తిరిగి టైటన్ చంద్రుడి మీద దట్టమైన గాలిపొర ఉంటుందని చెప్పి ఇటు తిరిగేలోపల గంగాళం ఖాళీ. తలా ఒక సీసాలో పోసుకున్నారు.

అసలు చిక్కు చంద్రుల దగ్గర వచ్చింది. శనికి పద్దెనిమిది మంది చంద్రులు ఉన్నారని పాఠంలో చెప్పింది. దాంతో ప్రదక్షిణలు పద్దెనిమిది అని ఖాయమైపోయాయి. ఒక్కో చుట్టుకు ఒక్కో చంద్రుడి పేరు చెప్పుకుంటూ తిరిగేవాళ్ళు. మైమాస్, ఎన్సెలాడస్, టెథిస్, డయోని, రియా అని ఆడవాళ్ళు కొంగు బిగించి సొరపందిరి చుట్టూ నడుస్తుంటే దారినపోయేవాళ్ళు కొత్తరకం సహస్రనామం అనుకునేవాళ్ళు. జ్ఞానాంబ స్కూల్లో ఏ తరగతీ ఆ పేర్లు అంత తప్పుల్లేకుండా అప్పజెప్పలేదు.

2000వ సంవత్సరం చివర్లో పేపర్లో వార్త వచ్చింది. శనికి మరో డజను చంద్రులు ఉన్నట్టు కనిపెట్టారు. దాచడం ఆమె వల్ల కాలేదు. కృష్ణమూర్తి కూతురు. ఆ శనివారమే ప్రకటించింది, ఇక మీదట ముప్పై అని. జనం నిట్టూర్చి ముప్పై తిరిగారు. తర్వాత ఇంకొకటి. 2005లో మళ్ళీ ఒక్కసారిగా డజను, మొత్తం నలభై దాటిపోయింది. ఆ రోజు వరలక్ష్మమ్మ సగంలో పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది.

"టీచరమ్మా, ఈ సెంద్రుల్ని ఎవురు కనిపెడతా ఉండారో వాళ్ళకు ఒక జాబు రాయమ్మా. ఉండేవాటితో సరిపెట్టుకోమని. మా మోకాళ్ళు వాళ్ళకు కనపడవు గదా" అంది.

"ఉన్నవాటిని లేవని ఎట్ల అంటారు?" అంది జ్ఞానాంబ.

"ఉండనీ. యాడుండేవి ఆడ ఉండనీ. వాటిని చూడబోయింది ఎందుకంటాను?"

జ్ఞానాంబ చాలాసేపు తర్కించుకుంది. కొత్త చంద్రులన్నీ అయిదారు కిలోమీటర్ల రాళ్ళు, గుండ్రంగా కూడా ఉండవు. చివరికి తీర్పు చెప్పింది. గుండ్రంగా ఉన్నవాటికి తలా ఒక చుట్టు, మిగతా రాళ్ళన్నిటికీ కలిపి నిలబడ్డచోటే ఒక ఆత్మప్రదక్షిణ. పెరడంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ రాత్రి మాత్రం ఆమెకు నిద్ర పట్టలేదు. శాస్త్రానికి మినహాయింపు ఇచ్చానా, మొక్కుకు మినహాయింపు ఇచ్చానా అనేది తేలలేదు.

ఆ మరుసటేడు ఆగస్టులో ప్లూటో వార్త వచ్చింది. ఇక అది గ్రహం కాదని తేల్చారు. స్కూల్లో బోర్డు మీద తొమ్మిది చెరిపి ఎనిమిది రాయడం ఆమెకు కష్టం కాలేదు. కుప్పమ్మకు చెప్పడమే కష్టం. అయినా చెప్పకుండా ఉండటం మోసమని, ఆదివారం దామలచెరువు బస్సెక్కి ఆ పల్లె దగ్గర దిగింది.

కుప్పమ్మ తిన్నె మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. భరిణె తెచ్చి మూత తీసి చూపించింది. ఆవగింజ నిగనిగలాడుతోంది.

"ఇది నేనిచ్చింది మాదిరి లేదే" అంది జ్ఞానాంబ.

"కొత్త ఆవాలు వచ్చినప్పుడల్లా మారుస్తా ఉంటానమ్మా. పాతదయితే పురుగు పడతాది. రాగిగింజ కూడా అంతే."

జ్ఞానాంబ మజ్జిగ పక్కన పెట్టింది. "కుప్పమ్మా, ఒక మాట చెప్పాల. దీన్ని గ్రహాల్లో నుంచి తీసేసినారు."

"ఎవురు?"

"ప్రేగ్ అని ఒక ఊరుండాది. శాస్త్రవేత్తలు ఆడ చేరి చేతులెత్తి తీర్మానం చేసినారు."

"ఇంట్లో పెట్టుకున్నదాన్ని నేనుండాను. నన్ను ఒక మాట అడగల్యా." కుప్పమ్మ గొంతులో కోపం లేదు, పెళ్ళికి పిలవని బంధువు గొంతులా ఉంది. "ఇది గుండ్రంగా ఉండాది గదా?"

"ఉండాది."

"సూర్యుడి చుట్టూ తిరగతా ఉండాది గదా?"

"తిరగతాది. ఒక చుట్టుకు రెండొందల నలభై ఎనిమిదేండ్లు."

"పాపం, ముసిల్ది, నిదానంగా తిరగతాది. చుట్టూ ఒక చంద్రుడు కూడా ఉండాడు. సంసారం ఉండేదాన్ని ఏం తప్పు పట్టి తీసేసినారు?"

జ్ఞానాంబ తేలికైన మాటల కోసం వెతికింది. "గ్రహమంటే తన దావను తానే శుభ్రం చేసుకోవాలంట. రాళ్ళూ రప్పలూ లేకుండా. ప్లూటో పొయ్యే దావలో ఎక్కడ చూసినా రాళ్ళే ఉండాయంట. ఊడ్చుకోలేదని..."

కుప్పమ్మ మొహం మారిపోయింది. "ఊడ్చుకోలేదని ఎవురన్నారు?"

"నిన్ను కాదు కుప్పమ్మా."

"నా ఇంట్లో ఉండేదాన్ని అంటే నన్ను కాదా? కోడి కూయకముందే లేచి పేడనీళ్ళు చల్లతా ఉండాను. ఈ పల్లెలో ఏ వాకిలి ఇట్ల ఉంటాదో చూపించు. యాడో ఊర్లో కూర్చోని, ఈడికొచ్చి ఒక్కనాడు సూడకుండా, దావ ఊడ్చుకోలేదంటారా?" అని లేచింది. మూల నుంచి ఈతచీపురు తీసింది.

జ్ఞానాంబ ఆపబోయింది. ఆ దావ వేరని, కోట్ల కిలోమీటర్ల అవతలిదని చెప్పింది. కుప్పమ్మ అప్పటికే గుమ్మం దాటి నడుం వంచింది. ఇంటి దగ్గర నుంచి తారురోడ్డు దాకా ఉన్న బండిబాట అంతా ఊడుస్తూ పోయింది. ఎండుటాకులు, పిడకల ముక్కలు, కంకరరాళ్ళు ఒక పక్కకు నెట్టింది. పెద్దరాళ్ళు చీపురుకు కదలకపోతే చేత్తో తీసింది. డెబ్బై ఏళ్ళ మనిషి అలా వంగి రాళ్ళు ఏరుతుంటే జ్ఞానాంబ నిలబడి చూడలేకపోయింది. వసారాలో ఉన్న గంప తెచ్చి రాళ్ళు అందులో వేయసాగింది. ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు దుమ్ముకొట్టుకుపోయాయి. చాలాకాలం తర్వాత, ఏమీ వివరించకుండా ఒక పని చేస్తున్నట్టు ఆమెకు అనిపించింది, అది బాగుంది కూడా.

రోడ్డు అంచుకు వచ్చేసరికి పాకాల బస్సు ఆగింది. కండక్టరు తలుపు దగ్గర నుంచి వంగి, "ఎక్కతారా మేడమ్?" అని అడిగాడు.

"మీరు పోండి. ఇంకా కొంచెం ఉండాది" అంది జ్ఞానాంబ.

బస్సు వెళ్ళిపోయింది. దాని వెనకే లేచిన దుమ్మంతా ఊడ్చిన బాట మీద నెమ్మదిగా వచ్చి పడింది. కుప్పమ్మ దాన్ని ఒకసారి చూసి, చీపురు అరచేతిలో తట్టి సరిచేసుకుని, మళ్ళీ ఆ చివర నుంచి మొదలుపెట్టింది. జ్ఞానాంబ గంప ఎత్తుకుని ఆమె వెనకాల నడిచింది.